కంటి సాక్ష్యం

ఏప్రిల్ నెల మధ్యాహ్నం ఆదోని నుంచి కౌతాళం వెళ్లే బస్సులో ముందు సీటు దొరికితే రోడ్డు మీద నీళ్లు కనిపిస్తాయి. కాస్త దూరంలో, తారు మీద, తళతళమంటూ పారుతుంటాయి. ఎదురుగా వచ్చే లారీ నీడ వాటిలో తలకిందులుగా కూడా కదులుతుంది. బస్సు అక్కడికి చేరేసరికి ఏమీ ఉండదు. ఇంకో వంద గజాల అవతల మళ్లీ నీళ్లు మొదలవుతాయి. తల్లి ఒళ్లో కూచున్న పిల్లాడు "నీళ్లు, నీళ్లు" అని చెయ్యి చాపుతాడు. "నీళ్లు కావు నాయనా, ఎండమావులు" అంటుంది ఆమె.

అవి నీళ్లు కావని ఆ తల్లికి తెలుసు. డ్రైవరుకు తెలుసు, కండక్టరుకు తెలుసు. అయినా అందరి కళ్లకూ అవి నీళ్లే. ఎన్ని ఎండాకాలాలు గడిచినా, ఎంత చదువు చదివినా, ఎండమావి కనబడటం మానదు. తెలుసుకున్నది ఒక పక్కన ఉంటుంది, కనిపించేది ఇంకో పక్కన ఉంటుంది. రెండూ ఒకే మనిషిలో ఏ తగువూ లేకుండా కాపురం చేస్తాయి. ఈ సంగతి నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

నిజానికి అక్కడ కన్ను చేసిన తప్పేమీ లేదు. తారురోడ్డు కాలిపోతుంటే దాన్ని అంటుకుని ఉన్న గాలి బాగా వేడెక్కి పలచబడుతుంది. ఆకాశం నుంచి ఏటవాలుగా దిగే వెలుగు ఆ పలచని గాలిలోకి వచ్చి, నేలను తాకకుండానే పైకి వంగి మన కంటికి చేరుతుంది. కన్ను తనకు అందిన వెలుగును అందినట్టే చెప్పింది. వెలుగు తిన్నగానే ప్రయాణిస్తుందన్న నమ్మకం మాత్రం మన మనసుది. అందుకే ఆకాశం ముక్క ఒకటి రోడ్డు మీద పరుచుకున్నట్టు కనిపిస్తుంది. నీళ్లలోనే ఆకాశం అలా కనబడుతుందని మనకు అలవాటు కాబట్టి అది నీళ్లయిపోయింది.

పాత బావుల దగ్గర పెరిగినవాళ్లకు ఇలాంటిదే ఇంకోటి తెలుసు. నీళ్లు తేటగా ఉన్న బావిలోకి తొంగిచూస్తే అడుగు చేతికందేటంత దగ్గరగా ఉంటుంది. నాలుగడుగుల లోతు నీళ్లు పైనుంచి చూసేవాళ్లకు మూడడుగులే అనిపిస్తాయి. ఈత నేర్పే పెద్దవాళ్లు పిల్లల నడుముకు బెండ్లు కట్టి దించేవాళ్లు. కొత్త బావి అయితే ముందు తాడుకు రాయి కట్టి వదిలి చూసేవాళ్లు. వక్రీభవనం అన్న మాట వాళ్లలో చాలామంది వినివుండరు. లోతు విషయంలో కంటికంటే తాడును నమ్మాలని మాత్రం తెలుసు.

కంటి మీద మనిషికున్న నమ్మకం ఎంత పాతదో చెప్పలేం. చూపు అనేది కంటి నుంచి బయల్దేరి వస్తువును తాకుతుందని ఒకప్పుడు మహామహులు అనుకున్నారు. గ్రీసులో యూక్లిడ్ అలాగే అన్నాడు. మన న్యాయ దర్శనం వాళ్లూ కంటి నుంచి తేజస్సు వెళ్లి వస్తువును కలుస్తుందనే చెప్పారు. వెలుగే వస్తువు మీద పడి కంటిలోకి వస్తుందని పదకొండో శతాబ్దపు తొలి రోజుల్లో ఇబ్న్ అల్-హైథమ్ వివరంగా నిరూపించాడు. ఆయన బస్రాలో పుట్టినవాడు. వెయ్యేళ్లు గడిచాయి. ఇప్పటికీ మనం చూపు విసురుతాం, చూపు నిలుపుతాం. పసిబిడ్డకు ఎవరి చూపో తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాం. చూసేటప్పుడు మనలోంచి ఏదో వెళ్తున్నట్టే ఉంటుంది మరి.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం రోజూ తెల్లవారి మొదలవుతుంది. తూర్పున సూర్యుడు పైకొస్తాడు, నెత్తి మీదుగా నడుస్తాడు, తుంగభద్ర అవతల కన్నడ సీమ వైపు దిగిపోతాడు. భూమి కదిలిన జాడ లేదు. చెంబులో నీళ్లు తొణకవు, మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు జారవు. కదిలేది సూర్యుడేనని పూర్వులు అనుకున్నారంటే అందులో ఆశ్చర్యమేముంది? కళ్లతో చూసి, ఒళ్లుతో తెలుసుకుని చెప్పారు.

తుంగభద్రలో పుట్టి ఎక్కినవాళ్లకు ఈ చిక్కుముడి కాస్త తొందరగా విడుతుందని నాకనిపిస్తుంది. వెదురు దబ్బలతో గుండ్రంగా అల్లి, కింద తారు పూసిన పట్టా కుట్టిన ఆ పుట్టికి ముందూ వెనకా ఉండదు. తెడ్డు ఒక పక్కన పడితే చాలు, గిర్రున తిరుగుతుంది. లోపల కూచున్నవాళ్లకు తాము తిరుగుతున్నట్టు తెలియదు. ఒడ్డున ఉన్న తుమ్మచెట్లు, రేవు మెట్లు, బట్టలుతుకుతున్న ఆడవాళ్లు, అవతలి గట్టు మీది కొట్టం, అన్నీ వరసగా మన చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి వస్తాయి. కాసేపు అలవాటుపడితే నది మధ్యలో మనం స్థిరంగా కూచున్నామనీ, రెండు రాష్ట్రాలూ మన చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాయనీ ఒట్టేసి చెప్పొచ్చు.

క్రీ.శ. 499లో ఆర్యభట్టు ఈ పోలికే ఎత్తుకున్నాడు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలకుండా ఉన్నవి వెనక్కి పోతున్నట్టు కనిపిస్తాయి, నక్షత్రాలు పడమటికి పోవడమూ అలాంటిదే, తిరిగేది భూమి అన్నాడు. ఆయన మనసులో ఉన్నది తిన్నగా సాగే పడవ. మన పుట్టి అయితే తిరుగుతుంది కూడా కాబట్టి ఆ మాటకు ఇంకా దగ్గర.

తర్వాత వచ్చిన పండితులు చాలామంది ఒప్పుకోలేదు. భూమి అంత వేగంగా తిరుగుతుంటే ఆకాశంలోకి ఎగిరిన పక్షులు తిరిగి గూళ్లకు ఎలా చేరతాయని వరాహమిహిరుడు అడిగాడు. బ్రహ్మగుప్తుడూ ఒప్పుకోలేదు. వీళ్లేమీ తక్కువ తెలివైనవాళ్లు కారు. పైగా అడిగింది మంచి ప్రశ్న. కౌతాళం ఉన్న అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. పొద్దున కొమ్మ మీదినుంచి లేచిన పిచ్చుక సాయంత్రం అదే కొమ్మకు వస్తోంది. దీనికి జవాబు పరుగెత్తే రైల్లో దొరుకుతుంది. ఆదోనిలో ఎక్కి రాయచూరు వైపు పోతూ, బండి మంచి వేగం అందుకున్నాక, రూపాయి బిళ్ల పైకి ఎగరేస్తే అది వెనక సీటువాళ్ల మీద పడదు, మన చేతిలోనే పడుతుంది. బిళ్లకూ రైలు వేగం ఉంది. అలాగే పిచ్చుకకూ, గాలికీ నేల వేగం ఉంది. రైళ్లు లేని రోజుల్లో ఇది ఊహించడం ఎంత కష్టమో తల్చుకుంటే ఆర్యభట్టు మీద గౌరవం పెరుగుతుంది, ఆయన్ను కాదన్నవాళ్ల మీదా కోపం రాదు.

భూమి తిరగడాన్ని నలుగురూ నిలబడి చూసే ఏర్పాటు పారిస్‌లో 1851లో జరిగింది. పాంథియన్ గోపురం నుంచి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండు వేలాడదీసి ఫూకో అనే శాస్త్రవేత్త ఊపాడు. గుండు ఊగే దిక్కు గంటగంటకూ కొంచెం కొంచెంగా జరిగింది. నిజానికి గుండు కింది నేల తిరిగింది. పారిస్‌లో ఆ దిక్కు ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 32 గంటలు పడుతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా నెమ్మది. అదే గుండును మన కౌతాళంలో ఊపితే మూడున్నర రోజులకు పైగా కాచుకోవాలి.

సూర్యుడి గురించి ఇంకో నమ్మకం ఉంది. మిట్టమధ్యాహ్నం ఎప్పుడూ సరిగ్గా నెత్తి మీదే ఉంటాడంటాం. మన దగ్గర ఏడాదిలో రెండుసార్లే అలా జరుగుతుంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు రెండో వారం మొదట్లో ఒకసారి. ఆ రోజు నిటారుగా పాతిన గుంజకు నీడ ఉండదు, మొదట్లోనే కలిసిపోతుంది. మిగతా రోజుల్లో నీడ ఎంతో కొంత ఉత్తరానికో దక్షిణానికో పడుతుంది. ఆ నీడలేని క్షణం కూడా గడియారంలో పన్నెండుకు రాదు, దాదాపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు దాటాక వస్తుంది. మన గడియారాలు కాకినాడ దగ్గరగా పోయే రేఖాంశానికి పెట్టినవి, మనమేమో అక్కడికి చాలా పడమరన ఉన్నాం. మేలో మాడు పగిలే ఎండకు "సూర్యుడు కిందికి దిగొచ్చినాడు" అంటారు మా అవ్వలు. ఆ వేడికి అలా అనిపించడం సహజం. సూర్యుడికి భూమి బాగా దగ్గరగా ఉండేది మాత్రం జనవరి మొదట్లో, సంక్రాంతి ముగ్గుల రోజుల్లో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్లు. ఎండాకాలాన్ని తెచ్చేది దూరం కాదు, భూమి ఒరుగు. దాని వల్ల వెలుగు నిలువుగా పడుతుంది, పగలు పొడవవుతుంది.

ఇవన్నీ ఆకాశం సంగతులు, కొంచెం దూరంవి. నేల మీది సంగతి ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆదోని పత్తి మార్కెట్లో సీజను రోజుల్లో ఒక ఉదయం నిలబడితే చాలు. బోరాలు విప్పి కుప్పలు పోస్తారు. కొనేవాళ్లు ఒక్కో కుప్ప దగ్గర వంగి, లోపలికంటా చెయ్యి పెట్టి పిడికెడు దూది తీస్తారు. తేమ ఉందేమో అరచేత్తో నొక్కి చూస్తారు. తర్వాత రెండు బొటనవేళ్ల మధ్య కాసింత పట్టి నెమ్మదిగా లాగి, పింజ పొడవు ఎంతుందో వెలుతురుకు పెట్టి చూస్తారు. పక్కన రైతు ఆ వేళ్ల వంకే చూస్తుంటాడు. ఏడాది కష్టం ఆ రెండు వేళ్ల మధ్య ఉంటుంది.

ఇంత పత్తి ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే ఎవరైనా చెప్పే మాట ఒకటే. నేల ఇచ్చింది. నల్లరేగడి చేలో గింజ వేస్తే మొక్క నేలలోంచి లేచింది, నేలను తాగి పెరిగింది, కాయ కాసింది. కళ్లారా చూసిందే. మట్టే చెట్టుగా మారుతుందని వేల ఏళ్లు లోకమంతా అనుకుంది.

బెల్జియం ప్రాంతపు వైద్యుడు వాన్ హెల్మాంట్ దీన్ని తూచి చూశాడు. తొట్టిలో 200 పౌండ్ల ఎండు మట్టి, అంటే సుమారు 90 కిలోలు పోసి, అయిదు పౌండ్ల విల్లో మొక్క నాటాడు. అయిదేళ్లు నీళ్లు తప్ప ఏమీ పొయ్యలేదు. చివర్లో చెట్టు బరువు 169 పౌండ్లు దాటింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండే ఔన్సులు, అరవై గ్రాములు కూడా కాదు. 70 కిలోలకు పైగా చెట్టు ఎక్కడినుంచి వచ్చింది? నీళ్ల నుంచే అని ఆయన తేల్చాడు. ఆయన పోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. సగం దారి దాకా వచ్చాడు. ఆకులు గాలిని మార్చడానికి వెలుగు కావాలని ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త 1779లో చూపించాడు. గాలీ నీరూ కలిసి ఎంతెంత చెట్టవుతున్నాయో 1804 నాటికి డి సోస్యూర్ లెక్క కట్టాడు.

దూదిలో నూటికి తొంభై పాళ్లు పైనే సెల్యులోజ్. సెల్యులోజ్‌లోని కార్బన్ అంతా గాలిలోని బొగ్గుపులుసు వాయువు నుంచి వచ్చినదే, ఆక్సిజనూ అక్కడిదే. హైడ్రోజన్ మాత్రం నీటిది. ఆ యార్డులో కుప్పలు పడి ఉన్న తెల్లని సరుకులో ఎక్కువ బరువు కొన్ని నెలల కింద మన చేల మీదుగా వీచిన గాలి. ఈ సంగతి తెలిశాక నేను పత్తి చేను పక్కన నిలబడి ఆకుల వైపు చూసే తీరే మారిపోయింది.

ఒకసారి మాటల్లో ఈ సంగతి చెబితే ఒక రైతు చాలాసేపు ఆలోచించి, "గాలే ఇస్తుంటే ఇంక చేనెందుకప్పా? మిద్దె మీద విత్తినా సరిపోయ్యా!" అన్నాడు. ఎంత సరైన ప్రశ్న! నేల ఇచ్చేది బరువులో తక్కువ, పనిలో చాలా పెద్దది. నత్రజని, భాస్వరం, పొటాష్ లేకపోతే ఆకు గాలిని పట్టనే పట్టలేదు. నల్లరేగడి తనలో తడిని దాచిపెట్టకపోతే మన ప్రాంతపు వానలకు పత్తి మొక్క బతకదు. ఆ మాటే చెప్పాను. "అట్లయితే మేం నేలకు దండం పెట్టేది తప్పేం కాదు" అన్నాడాయన. తప్పేం కాదు. గాలికి కూడా ఒకటి పెడితే సరి.

ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర కన్ను ఇంకో రకంగా మురిపిస్తుంది. అక్కడ 1938లో మాచాని సోమప్ప చేనేత కార్మికుల కోసం సహకార సంఘం పెట్టారు. నేతగాళ్లకు రంగుల మర్మం చేతి అలవాటు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేస్తే బట్ట మీద మూడో రంగు పుడుతుంది. నీలం పడుగుకు పచ్చ పేక వేస్తే నెమలికంఠం రంగు వస్తుంది. బట్టను కాస్త వంచితే నీలం, ఇటు తిప్పితే పచ్చ. ఒక్కో పోగు విప్పి చూస్తే ఆ మూడో రంగు ఎక్కడా లేదు. విడివిడి పోగుల్ని దూరం నుంచి కన్ను కలిపేసుకుంటుంది. కొనేవాళ్లు చీరను ట్యూబులైటు కింద నమ్మక వీధి గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూస్తారు. షాపు వాళ్లు దానికేమీ అనుకోరు.

తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతికేవాళ్లదీ కంటి పనే. పొద్దున్నే వచ్చి, వంగిన నడుము ఎత్తకుండా మెరిసే రాయి కోసం చూస్తారు. సానపట్టని వజ్రానికి నగల్లో చూసే మెరుపు ఉండదు. అలా మెరిసే పలుగురాళ్లు బోలెడు. అయినా ఆశతో వంగిన ఆ నడుములను చూస్తే వాళ్లకు ఒక్కటైనా దొరకాలనే అనిపిస్తుంది.

సూర్యుడూ చంద్రుడూ ఒకే కొలతలో కనబడటం కూడా అలాంటి చిత్రమే. సూర్యుడు అడ్డంగా చంద్రుడికి దాదాపు 400 రెట్లు, దూరం కూడా దాదాపు 400 రెట్లే. అందుకే గ్రహణంలో ఒకటి మీద ఒకటి అతికినట్టు సరిపోతాయి. 1868 ఆగస్టు 18న అలాంటి సంపూర్ణ గ్రహణం దక్కన్ మీదుగా సాగినప్పుడు ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి చూశాడు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి మనకు ఉత్తరాన ఉన్న వనపర్తిలో పరికరాలు పెట్టుకుని చూశారు. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం నది అవతలి రాయచూరు మీదుగా అలాంటి చీకటే మరోసారి నడిచింది. ఆ రోజు చాలా ఊళ్లలో తలుపులు బిగించుకుని కూచున్నారు. ఇప్పుడు యాభై దాటినవాళ్లు కొందరు ఆ చీకటిని కిటికీ సందులోంచి చూశామని చెబుతారు. అసలు చూడనే లేదే అని బాధపడేవాళ్లూ ఉన్నారు. భయపడినవాళ్లను ఏమనగలం? పట్టపగలు సూర్యుడు ఆరిపోవడం కంటికి చిన్న సంగతా!

చంద్రుడి సంగతి మిగిలింది. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి జనం తండోపతండాలుగా వస్తారు. పౌర్ణమి సాయంత్రం ఆ దారిలో ఉంటే తూర్పున చేల మీదుగా లేచే చంద్రుడు ఇంతింత పళ్లెమంత ఉంటాడు. పది గంటలయ్యేసరికి బాగా పైకెక్కి చిన్నబోతాడు. నేల దగ్గర పెద్దగా ఉండటం మనందరం చూసిందే.

ఒక కంది గింజ తీసుకుని, చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి ఆ పెద్ద చంద్రుడి మీద పెట్టండి. దాదాపు కప్పేస్తుంది. రాత్రి ఆయన పైకెక్కాక అదే గింజను అదే దూరంలో పెట్టండి. ఇప్పుడూ అంతే కప్పుతుంది. నిజం చెప్పాలంటే నేల దగ్గర ఉన్నప్పుడు చంద్రుడు మనకు కొన్ని వేల కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు కాబట్టి వెంట్రుకవాసి చిన్నగానే ఉండాలి. గింజతో కొలిచి, ఒప్పుకుని, చెయ్యి దించి మళ్లీ చూస్తే ఆయన మళ్లీ పళ్లెమంత అయిపోతాడు.

పిల్లలకు ఇది చూపిస్తే వెంటనే వచ్చే ప్రశ్న, మరి ఎందుకంత పెద్దగా కనిపిస్తాడని. కింద చెట్లూ ఇళ్లూ పక్కన ఉండటం వల్ల అని కొందరన్నారు. ఆకాశం మన మనసుకు పైన దగ్గరగా, అంచుల్లో దూరంగా అనిపిస్తుంది కాబట్టి అని మరికొందరన్నారు. రెండు వేల ఏళ్లకు పైగా దీని మీద పెద్దపెద్ద బుర్రలు పనిచేశాయి. అందరూ ఒప్పుకున్న జవాబు ఇంకా రాలేదు. ఈ శ్రావణ పౌర్ణమికి ఉరుకుంద దారిలో జేబులో నాలుగు కంది గింజలు వేసుకుని పోదాం. పిల్లలు అడిగితే ఇంకా తేలలేదమ్మా అని చెప్పి, వాళ్లకేమనిపిస్తోందో అడుగుదాం.